అక్వేరియం రొయ్యలతో కలిపి పెంచదగిన చిన్న రంగుల చేపలు: ఎంపికలో పాటించవలసిన ప్రమాణాలు

సారాంశం

మంచినీటి అలంకరణ రొయ్యలలో చెర్రీ రొయ్యకు గృహ అక్వేరియాలలో ఆదరణ ఎక్కువ. దీనితో ఏ చేపలను కలిపి పెంచవచ్చునన్న ప్రశ్నకు ‘శాంత స్వభావం గల చిన్న చేపలు’ అన్న సమాధానమే సాధారణంగా వినిపిస్తుంది. పెద్ద రొయ్యల విషయంలో ఇది చాలావరకు సరిపోయినా, అప్పుడే పుట్టిన రొయ్య పిల్లల విషయంలో సరిపోదు. చేపను ఎన్నుకునే ముందు పెంపకం యొక్క ఉద్దేశం, నీటి గుణాలు, చేప నోటి పరిమాణం, ఆహార సేకరణ విధానం అనే నాలుగు ప్రమాణాలను ఇదే వరుసలో పరిశీలించవలసి ఉంటుంది. తెలుగు రాష్ట్రాల వేసవి ఉష్ణోగ్రతలను, బోరు నీటి కాఠిన్యతను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రమాణాలను ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఉపోద్ఘాతం

రంగుల చేపల పెంపకం తక్కువ స్థలంలో, ఇంటి పెరటిలోనే చేపట్టదగిన ఉపాధి. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకరణ చేపల యూనిట్లకు కూడా సహాయం కల్పించారు. ఈ యూనిట్లు నడిపేవారిలో కొందరు చేపలతో పాటు రంగు రంగుల రొయ్యలను కూడా పెంచి అమ్మాలని ఆసక్తి చూపుతారు. ఒకే తొట్టిలో రెండింటినీ పెంచితే స్థలం, విద్యుత్తు, శ్రమ ఆదా అవుతాయన్న ఆలోచన సహజమే. అయితే ఎంపిక సరిగా లేకపోతే తొట్టిలో గుడ్లు మోసే ఆడ రొయ్యలు నిత్యం కనబడుతున్నా వాటి సంఖ్య మాత్రం పెరగదు. చచ్చిన రొయ్య ఒక్కటి కూడా కనబడదు కనుక నష్టం ఎక్కడ జరుగుతున్నదో పెంపకందారు గుర్తించలేరు. విస్తరణ శాస్త్రవేత్తలు ముందుగా వివరించవలసినది ఈ కనబడని నష్టాన్నే.

చెర్రీ రొయ్య జీవిత విధానం

చెర్రీ రొయ్య శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. తూర్పు ఆసియా దీని స్వస్థలం. సహజంగా గోధుమ, బూడిద రంగుల ఛాయలలో ఉండే ఈ జాతి నుండి ఎంపిక ద్వారా ఎరుపు, పసుపు, నీలం, నారింజ రంగుల రకాలను అభివృద్ధి చేశారు. ఆడ రొయ్య సుమారు 3 సెం.మీ. వరకు పెరుగుతుంది. మగది కొంత చిన్నది, రంగు కూడా పలుచన. ఆడ రొయ్య సాధారణంగా 20 నుండి 30 గుడ్లను పొట్ట కింది ఈత కాళ్ల మధ్య మూడు, నాలుగు వారాల పాటు మోస్తుంది.

మన ప్రాంతంలో విద్యార్థులకు పరిచయమైన వనామీ రొయ్యకు నాప్లియస్, జోయియా, మైసిస్ అనే డింభక దశలు ఉన్నాయి. నీలకంఠ రొయ్య డింభకాలకు ఉప్పు కలిసిన నీరు అవసరం. చెర్రీ రొయ్యలో ఇటువంటి స్వేచ్ఛా డింభక దశ లేదు. గుడ్డు నుండి సుమారు 2 మి.మీ. పొడవు గల పిల్ల, పెద్ద రొయ్య ఆకారంలోనే బయటకు వస్తుంది. అందువల్ల ప్రత్యేక హేచరీ లేకుండా ఇంటి తొట్టిలోనే దీని సంతతి వృద్ధి చెందుతుంది. ఈ సౌలభ్యమే దాని బలహీనత కూడా. పిల్లలు మొదటి రోజు నుండే చేపలున్న అదే నీటిలో, అదే నేలపై తిరగవలసి వస్తుంది.

అమానో రొయ్య, అనగా కారిడినా మల్టిడెంటాటా, ఇందుకు భిన్నమైనది. ఇది 4 నుండి 5 సెం.మీ. వరకు పెరుగుతుంది. దీని డింభకాలకు ఉప్పునీరు అవసరం కాబట్టి మంచినీటి తొట్టిలో సంతతి వృద్ధి కాదు. పిల్లల నష్టం అన్న సమస్యే లేనందున, చేపలతో కలిపి ప్రదర్శన కోసం పెంచడానికి ఇది అనువైనది. ఎరుపు, తెలుపు చారల క్రిస్టల్ రొయ్యకు మాత్రం మృదువైన, కొంత ఆమ్ల స్వభావం గల, చల్లని నీరు కావాలి. మన వేసవిలో శీతలీకరణ లేకుండా దానిని పెంచడం కష్టం.

మొదటి ప్రమాణం: పెంపకం యొక్క ఉద్దేశం

రొయ్యలను అమ్మకానికి వృద్ధి చేయడం, అందమైన మిశ్రమ తొట్టిని ఏర్పాటు చేసుకోవడం అనేవి రెండు వేర్వేరు ఉద్దేశాలు. ఒక్క తొట్టితో రెండింటినీ సాధించాలనుకోవడం వల్లనే ఎక్కువ మంది నష్టపోతారు.

ఉదాహరణకు ఒక తొట్టిలో 10 ఆడ రొయ్యలు ఒక్కొక్కటి 25 చొప్పున పిల్లలను ఇస్తే మొత్తం 250 పిల్లలు అవుతాయి. వీటిలో 60 శాతం బ్రతికితే 150, 10 శాతం మాత్రమే బ్రతికితే 25 చేతికి వస్తాయి. ఈ శాతాలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే. అయినా తల్లి రొయ్యల సంఖ్య, మేత, విద్యుత్ ఖర్చు రెండు సందర్భాలలోనూ ఒకటే అన్న సంగతి గమనించాలి. ఉత్పత్తిని నిర్ణయించేది గుడ్ల సంఖ్య కాదు, పిల్లల మనుగడ.

కాబట్టి అమ్మకం ఉద్దేశమైతే రొయ్యల తొట్టిలో ఏ చేపనూ ఉంచకూడదు. ప్రదర్శన ఉద్దేశమైతే పెద్ద రొయ్యలకు హాని చేయని చేపను ఎన్నుకొని, పిల్లలలో కొంత నష్టాన్ని ముందే అంగీకరించాలి. నష్టపోయిన రొయ్యల స్థానంలో ప్రత్యేక వృద్ధి తొట్టి నుండి కొత్తవి తెచ్చి చేర్చుకోవచ్చు.

రెండవ ప్రమాణం: నీటి గుణాలు

చేప, రొయ్య ఒకే నీటిలో ఏడాది పొడవునా ఆరోగ్యంగా ఉండగలిగితేనే వాటి స్వభావం గురించి ఆలోచించడం సార్థకం. చెర్రీ రొయ్యకు 22 నుండి 25 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత అనుకూలం. 28 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే ఒత్తిడికి లోనవుతుంది. ఉదజని సూచిక 6.5 నుండి 8 వరకు ఉండవచ్చు. పెంకు విడిచిన తరువాత కొత్త పెంకు గట్టిపడటానికి కాల్షియం అవసరం కాబట్టి మొత్తం కాఠిన్యత లీటరుకు 100 నుండి 180 మి.గ్రా. వరకు ఉండటం మంచిది.

ఈ దృష్టితో చూస్తే మన బోరు నీరు చెర్రీ రొయ్యకు పూర్తిగా ప్రతికూలం కాదు. కాఠిన్యత మరీ ఎక్కువగా ఉన్నచోట ఆర్.ఓ. నీటిని తగు పాళ్లలో కలిపి తగ్గించుకోవచ్చు. అయితే మృదువైన, ఆమ్ల స్వభావం గల నీటికి అలవాటుపడిన చేపలను ఈ నీటిలో చేర్చడం సరికాదు. బోర్నియో దీవి పీట్ బురద నేలల నీటిలో పుట్టిన చిల్లీ రాస్బోరా ఇందుకు ఉదాహరణ. నోరు అతి చిన్నది కాబట్టి రొయ్యలకు మంచి తోడుగా దీనికి పేరున్నది. కానీ కాఠిన్యత ఎక్కువైన నీటిలో దీని రంగు, ఆయువు రెండూ తగ్గుతాయి.

వేసవి మరొక పరీక్ష. 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8.3 మి.గ్రా. ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మి.గ్రా.కు తగ్గుతుంది. అదే సమయంలో చేపల, రొయ్యల శ్వాసక్రియ వేగం పెరుగుతుంది. అమ్మోనియా విషయం కూడా ఇటువంటిదే. 25 డిగ్రీల వద్ద ఉదజని సూచిక 7 నుండి 8కి పెరిగితే విషపూరితమైన అయనీకరణం చెందని అమ్మోనియా వాటా దాదాపు 0.6 శాతం నుండి 5 శాతానికి పైగా పెరుగుతుంది. క్షార స్వభావం గల బోరు నీటిలో ఎక్కువ చేపలను ఉంచి, ఎక్కువ మేత వేస్తే ముందుగా దెబ్బతినేది రొయ్యలే.

మూడవ ప్రమాణం: నోటి పరిమాణం

చిన్న చేపలు చాలావరకు ఎరను ముక్కలు చేయవు. నోటిలో పట్టినదానిని అలాగే మింగుతాయి. అందువల్ల చేప శరీర పొడవు కంటే నోరు తెరుచుకునే వెడల్పు ముఖ్యం. రొయ్య పిల్ల పొడవు 2 మి.మీ. ఉన్నా దాని శరీర మందం అందులో కొద్ది భాగమే. గప్పీ తన సొంత పిల్లలనే తింటుందన్న విషయం పెంపకందారులందరికీ తెలిసినదే. అప్పుడే పుట్టిన గప్పీ పిల్ల పొడవు 6 మి.మీ. పైగా ఉంటుంది. దానిని మింగగలిగిన చేపకు రొయ్య పిల్ల ఏ మాత్రం అడ్డు కాదు.

క్షేత్రస్థాయిలో ఒక సులభమైన పరీక్ష చేయవచ్చు. 0.5, 1, 1.5 మి.మీ. గుళికల మేతను విడివిడిగా వేసి, చేప దేనిని ఉమ్మివేయకుండా ఒకేసారి మింగుతున్నదో గమనించాలి. 1 మి.మీ. గుళికను సులభంగా మింగే చేపను రొయ్య పిల్లలకు ప్రమాదకరమైనదిగా భావించాలి.

నాల్గవ ప్రమాణం: ఆహార సేకరణ విధానం

చిన్న నోరు ఉన్నంత మాత్రాన చేప సురక్షితమని చెప్పలేము. కేరళ, కర్ణాటక నదులలో లభించే మరుగుజ్జు పఫర్ చేప 3 సెం.మీ. వరకే పెరుగుతుంది. కానీ గట్టి దంత ఫలకాలతో పెద్ద రొయ్యలను సైతం కొరికి చంపగలదు. ఉత్తర బెంగాల్, అస్సాం ప్రాంతాలలో లభించే ఎర్రని స్కార్లెట్ బాడిస్ సుమారు 2 సెం.మీ. మాత్రమే ఉంటుంది. ఇది పెద్ద రొయ్యల జోలికి పోదు. అయితే కదిలే సజీవ ఆహారాన్ని పొంచి ఉండి వేటాడే స్వభావం గలది కనుక నాచులో దాగిన పిల్లలను వెతికి తింటుంది.

ఇందుకు భిన్నంగా ఓటోసింక్లస్ 4 సెం.మీ. వరకు పెరిగినా గాజుకు, ఆకులకు అంటుకొని శైవలాలను గీరి తింటుంది. రొయ్య పిల్లలకు ఇంతకంటే సురక్షితమైన చేప లేదని చెప్పవచ్చు. దీనికి ఆకర్షణీయమైన రంగులు లేవు. పైగా శైవలాలు ఏర్పడని కొత్త తొట్టిలో ఆకలితో చనిపోతుంది.

నీటిలో చేప తిరిగే స్థాయిని కూడా గమనించాలి. రొయ్యలు ఎక్కువగా అడుగు భాగంలోనూ, మొక్కల మీదనూ ఉంటాయి. పైస్థాయిలో, మధ్యస్థాయిలో తిరిగే చేపలు వాటికి తక్కువగా ఎదురుపడతాయి. అడుగున ఇసుకను జల్లెడ పట్టే పెద్ద లోచ్ చేపలు రొయ్యలకు నిత్యం ఎదురుపడతాయి.

ముఖ్యమైన జాతుల పోలిక

| చేప | పొడవు (సెం.మీ.) | అనుకూల నీరు, ఉష్ణోగ్రత | పెద్ద రొయ్యలకు | రొయ్య పిల్లలకు |
|---|---|---|---|---|
| ఓటోసింక్లస్ | 3.5–4 | మృదువైనది నుండి మధ్యస్థం, 22–26 డిగ్రీలు | సురక్షితం | సురక్షితం |
| పిగ్మీ కొరిడోరాస్ | 2–2.5 | మృదువైనది నుండి మధ్యస్థం, 22–26 డిగ్రీలు | సురక్షితం | స్వల్ప నష్టం |
| చిల్లీ రాస్బోరా | 2 | మృదువైన ఆమ్ల నీరు, 24–28 డిగ్రీలు | సురక్షితం | స్వల్ప నష్టం |
| ఎంబర్ టెట్రా | 2 | మృదువైనది నుండి మధ్యస్థం, 23–28 డిగ్రీలు | సురక్షితం | కొంత నష్టం |
| సెలెస్టియల్ పెర్ల్ డానియో | 2–2.5 | మధ్యస్థ కాఠిన్యత, 21–25 డిగ్రీలు | సురక్షితం | కొంత నష్టం |
| ఎండ్లర్ (మగ చేపలు) | 2–2.5 | కఠిన క్షార నీరు, 24–28 డిగ్రీలు | సురక్షితం | గణనీయ నష్టం |
| నియాన్ టెట్రా | 3–3.5 | మృదువైన నీరు, 21–25 డిగ్రీలు | సాధారణంగా సురక్షితం | గణనీయ నష్టం |
| గప్పీ | 3–5 | కఠిన క్షార నీరు, 22–28 డిగ్రీలు | సాధారణంగా సురక్షితం | అధిక నష్టం |

ఈ పట్టిక నుండి రెండు ఆచరణీయ సూచనలు చేయవచ్చు. నీటి కాఠిన్యత మధ్యస్థంగా ఉన్నచోట, లేదా ఆర్.ఓ. నీటిని కలిపి తగ్గించుకోగలిగినచోట, ఎంబర్ టెట్రా తగిన చేప. బ్రెజిల్ దేశపు అరగ్వాయా నదీ ప్రాంతానికి చెందిన ఈ చేప నారింజ రంగులో ఉండి, 8 నుండి 10 చేపల గుంపుగా మధ్యస్థాయిలో తిరుగుతుంది. మన వేసవిని నియాన్ టెట్రా కంటే బాగా తట్టుకుంటుంది. ఆకుపచ్చని నాచు నేపథ్యంలో ఎర్ర రొయ్యలకు దీటుగా కనబడుతుంది.

నీరు కఠినంగా, క్షార స్వభావంతో ఉండి మార్చే వీలు లేనిచోట ఎండ్లర్ చేపలే మేలు. వెనిజులా దేశానికి చెందిన ఈ చేపలో మగవి చిన్నవి, రంగులమయం. మగ, ఆడ చేపలను కలిపి ఉంచితే కొద్ది నెలలలోనే తొట్టి నిండిపోయి రొయ్యలకు ఆహారం, ఆక్సిజన్ కొరత ఏర్పడుతుంది. అందుచేత మగ చేపలను మాత్రమే ఉంచాలి. మార్కెట్‌లో లభించేవాటిలో గప్పీతో సంకరమైనవి ఎక్కువ కాబట్టి పరిమాణం చూసి ఎన్నుకోవాలి.

సెలెస్టియల్ పెర్ల్ డానియో 2006లో మయన్మార్‌లో వెలుగులోకి వచ్చింది. ముదురు నీలం శరీరంపై ముత్యాల వంటి చుక్కలతో అతి సుందరంగా ఉంటుంది. సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని చెరువులు దాని నివాసం. ఏ.సి. లేని గదిలో మన వేసవిని గట్టెక్కడం దీనికి కష్టం.

ఫైటర్, ఏంజెల్, గోల్డ్ ఫిష్, టైగర్ బార్బ్, సిక్లిడ్ జాతులు, పఫర్ చేపలను చెర్రీ రొయ్యలతో కలిపి పెంచకూడదు. ఫైటర్ చేపలలో కొన్ని శాంతంగా ఉన్నట్లు కనబడినా, పెంకు విడిచి మెత్తగా ఉన్న రొయ్యను పొడిచి తినే అవకాశం ఉన్నది. అలాగే పొడవైన చేయి వంటి డెక్కలు గల మాక్రోబ్రాకియమ్ జాతి చిన్న రొయ్యలను అలంకరణ రొయ్యలుగా పొరబడి తొట్టిలో చేర్చకూడదు. అవి పెరిగాక చిన్న చేపలనే పట్టి తింటాయి.

తొట్టి ఏర్పాటు, యాజమాన్యం

60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. ఎత్తు గల తొట్టిలో ఇసుక, మొక్కలు పోగా సుమారు 45 లీటర్ల నీరు నిలుస్తుంది. ఇందులో మొదట 20 రొయ్యలను, తరువాత 8 నుండి 10 చిన్న చేపలను ఉంచవచ్చు. ఈ క్రింది వరుసను పాటించాలి.

1. స్పాంజి ఫిల్టర్‌ను మాత్రమే వాడాలి. ఇతర ఫిల్టర్లు పిల్లలను లోపలికి లాగివేస్తాయి. స్పాంజిపై ఏర్పడే జీవపొర పిల్లలకు ఆహారం కూడా.

2. తొట్టిలో మొక్కలు నాటి, ఫిల్టర్ నడుపుతూ 4 నుండి 6 వారాలు ఉంచాలి. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలలో సున్నా చూపిన తరువాతనే రొయ్యలను వదలాలి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే సోడియం థయోసల్ఫేట్‌తో తొలగించాలి.

3. జావా మాస్ వంటి దట్టమైన నాచును తొట్టి అడుగు భాగంలో కనీసం మూడవ వంతు పరచాలి. రాళ్ల సందులు, ఎండిన బాదం ఆకులు కూడా పిల్లలకు మరుగు కల్పిస్తాయి. మిశ్రమ తొట్టిలో పిల్లల మనుగడ ఎక్కువగా ఈ మరుగుపైనే ఆధారపడుతుంది.

4. రొయ్యలను ముందు వదలి, రెండు, మూడు నెలలలో సంతతి నిలదొక్కుకున్న తరువాతనే చేపలను చేర్చాలి.

5. కొత్త చేపలను 2 నుండి 3 వారాలు వేరే తొట్టిలో పరిశీలనలో ఉంచాలి. చికిత్స అవసరమైతే అక్కడే చేయాలి. చేపల మందులలో వాడే కాపర్ సల్ఫేట్ అతి స్వల్ప మోతాదులోనే రొయ్యలను చంపుతుంది.

6. చేపలకు రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాలలో తినగలిగినంత మేత మాత్రమే వేయాలి. కడుపు నిండిన చేప తక్కువగా వేటాడుతుంది. అయితే పూర్తిగా మానదు.

7. వేసవిలో నీటి ఉపరితలంపై చిన్న ఫ్యాన్ గాలి తగిలేలా అమర్చితే నీరు ఆవిరై ఉష్ణోగ్రత 2 నుండి 3 డిగ్రీల వరకు తగ్గుతుంది. తగ్గిన నీటి స్థానంలో బోరు నీరు పోస్తే లవణాలు పేరుకుంటాయి కాబట్టి ఆర్.ఓ. నీటిని పోయాలి.

8. తొట్టి ఉన్న గదిలో దోమల మందులు పిచికారీ చేయరాదు. పైరిత్రాయిడ్ రసాయనాలు రొయ్యలకు అత్యంత విషపూరితం. ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోకి పంపుతుందన్న సంగతి చాలామంది గుర్తించరు. పురుగుమందు చల్లిన నర్సరీల నుండి తెచ్చిన నీటి మొక్కలను పలుమార్లు కడిగి, కొన్ని రోజులు విడిగా నీటిలో నానబెట్టాలి.

జీవ భద్రత

మన దేశంలో సాగు రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉన్నది. తెల్లమచ్చ వ్యాధిని కలిగించే వైరస్ ఒక్క టైగర్, వనామీ రొయ్యలకే పరిమితం కాదు. పీతలు, మంచినీటి రొయ్యలు సహా అనేక దశపాద జీవులకు సోకగలదు. కాబట్టి అలంకరణ రొయ్యల తొట్టి నీటిని చెరువులు, కాలువలలోకి వదలరాదు. రొయ్యల సాగులో పనిచేసేవారు చెరువు పనిముట్లను, వలలను ఇంటి తొట్టిలో వాడరాదు. సజీవ ఆహారాన్ని కూడా సాగు చెరువుల నుండి తేరాదు.

అక్కరలేని చేపలను, రొయ్యలను సహజ జలాలలో వదలడం మరొక ప్రమాదం. దోమల నివారణకు వదలిన గప్పీలు మన జలాశయాలలో స్థిరపడి స్థానిక చేపలతో ఆహారం కోసం పోటీపడుతున్నాయి. చెర్రీ రొయ్య జర్మనీలో విద్యుత్ కేంద్రం వేడి నీరు చేరే ఒక వాగులో స్థిరపడినట్లు నమోదైంది. చలి దేశంలోనే నిలదొక్కుకోగలిగిన జీవికి మన వాగులు, కుంటలు మరింత అనుకూలం కావచ్చు.

విద్యార్థులకు సూచించదగిన ప్రయోగం

రొయ్య పిల్లల మనుగడపై చేపల ప్రభావాన్ని తక్కువ ఖర్చుతో కొలవవచ్చు. చేపలు లేనిది, ఎంబర్ టెట్రా ఉన్నది, మగ ఎండ్లర్ ఉన్నది అనే మూడు పరిస్థితులను, నాచు ఉన్నది, లేనిది అనే రెండు పరిస్థితులతో కలిపితే 6 ట్రీట్‌మెంట్లు ఏర్పడతాయి. ఒక్కొక్కదానికి 3 రెప్లికేషన్లు తీసుకుంటే 18 తొట్లు అవసరం. ప్రతి తొట్టిలో 30 లీటర్ల నీరు, గుడ్లు మోస్తున్న 6 ఆడ రొయ్యలు, చేపలు ఉన్న తొట్లలో 6 చేపలు ఉంచాలి. ప్రారంభంలో ఆడ రొయ్యల పొడవు, గుడ్ల దశ అన్ని తొట్లలో సమానంగా ఉండేలా చూడాలి. 45 రోజుల తరువాత నీటిని తీసివేసి, నాచును విదిలించి, పెద్ద రొయ్యలను, పిల్లలను వేర్వేరుగా లెక్కించాలి. ఫలితాలను రెండు కారకాల విచలన విశ్లేషణతో పరిశీలిస్తే చేప ప్రభావం ఎంత, మరుగు ప్రభావం ఎంత, నాచు ఉన్నప్పుడు చేప వల్ల కలిగే నష్టం ఏ మేరకు తగ్గుతున్నదన్న విషయాలు స్పష్టమవుతాయి. స్థానిక బోరు నీటితో చేసిన ఇటువంటి పరిశీలనలు పెరటి యూనిట్లకు ఇచ్చే సిఫారసులకు గట్టి ఆధారమవుతాయి.

ముగింపు

రొయ్యలతో కలిపి పెంచే చేపను రంగు చూసి కాక, ముందుగా ఉద్దేశాన్ని, తరువాత నీటిని, ఆ తరువాత నోటిని, వేట విధానాన్ని చూసి ఎన్నుకోవాలి. చెర్రీ రొయ్యలను అమ్మకానికి వృద్ధి చేసేవారు చేపలు లేని ప్రత్యేక తొట్టిని తప్పక ఏర్పాటు చేసుకోవాలి. ప్రదర్శన తొట్టికి, మధ్యస్థ కాఠిన్యత గల నీటిలో ఎంబర్ టెట్రా, కఠిన నీటిలో మగ ఎండ్లర్ చేపలు అనుకూలం. ఏ చేపను ఎన్నుకున్నా దట్టమైన నాచు, స్పాంజి ఫిల్టర్, వేసవిలో చల్లదనం, రాగి మందులకు దూరం అనే నాలుగు జాగ్రత్తలు తప్పనిసరి. చేపలను కొనడానికి వచ్చినవారిని ‘మీ తొట్టిలో రొయ్యలు ఉన్నాయా? వాటి పిల్లలు మీకు కావాలా?’ అని ముందుగా అడిగే అలవాటును విక్రేతలలో కలిగించగలిగితే కొనుగోలుదారుకు నష్టం తగ్గుతుంది. చిన్న యూనిట్లపై కొనుగోలుదారులకు నమ్మకం కూడా పెరుగుతుంది.